పిలక తీసిన కాయలు

నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మా వదిన ఉద్యోగం కోసం డెమో క్లాసు చెప్పబోయే వారంలో, ఆమెకు సరిగ్గా అవసరమైన పేపరు ముక్కను కత్తిరించి నా డైరీలో దాచేశాను. మరిచిపోయి కాదు, పొరపాటున కాదు. ఆమె నలుగురిలో నిలబడి తప్పు చెప్పాలని, చెప్పి తల వంచుకుని ఇంటికి రావాలని దాచాను. అన్నీ రాసుకునే డైరీలో ఈ ఒక్కటీ రాసుకోలేదు. ముక్క మాత్రం ఆ పేజీల మధ్యే ఉంది, అంచులు పచ్చబడి.

మంగళవారం అమలాపురం బస్టాండులో కొత్తపేట బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు ఒకే పుస్తకం మీద వంగి వాదించుకుంటున్నారు. "అంతేనా?" అని ఒకమ్మాయి అడిగితే, రెండో అమ్మాయి పెన్సిలు చెవి వెనక దోపుకుని, "ఇప్పటికి అంతేనే," అంది. ఆ 'ఇప్పటికి' దగ్గర ఒత్తు, ఆ తరవాత ముక్కుతో చిన్న నవ్వు, రెండూ మా వదినవి. మనిషి పోయి ఎనిమిది నెలలు. మాట మాత్రం ఎవరో పిల్ల నోట్లో హాయిగా తిరుగుతోంది. నాకు ఏడుపు రావలసింది. అసూయ వచ్చింది. రేపు నేను పోతే నా మాట ఏదీ ఎవరి నోట్లోనూ ఉండదు. అసలు నేను మాట్లాడిందెక్కడ?

వదిన రాజమండ్రి పిల్ల. మా అన్నయ్యను చేసుకుని పలివెల పక్కనున్న మా ఊరికి వచ్చింది. పెళ్ళైన రెండు నెలలకే అన్నయ్య మస్కట్ వెళ్ళిపోయాడు. వీసా కుదిరేదాకా ఇక్కడే ఉండమన్నాడు. ఇక్కడ అంటే అమ్మ, నాన్న, నేను, ఇంటి వెనక కొబ్బరితోట.

పొట్టి మనిషి. నడిస్తే కాలి పట్టీలకన్నా ముందు గాజులు వినిపించేవి. చేతులు ఊపకుండా నడవలేదు. జుట్టు ముడి చుట్టి అందులో పెన్సిలు దోపేది. ఆ పెన్సిలు కోసమే ఇల్లంతా వెతికేది. "ఏవండీ ఆడపడుచుగారూ, నా పెన్సిలు చూసేరా?" అని నన్నే అడిగేది. నేను వేలు పెట్టి తల వైపు చూపించేదాన్ని. నోరు విప్పి చెప్పేదాన్ని కాదు.

ఏ మాటకైనా 'ఇప్పటికి' తగిలించేది. "ఉప్పు సరిపోయిందా అమ్మాయ్?" అని అమ్మ అడిగితే, "ఇప్పటికి సరిపోయిందండీ అత్తయ్యగారూ," అనేది.

"ఇప్పటికేవిటే? సాయంత్రానికి మారిపోతుందా?"

"నేను మళ్ళీ వెచ్చబెడితే మారదాండీ మరి?"

అమ్మ కోపం తెచ్చుకోబోయి నవ్వేసేది. ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో పెరిగి నేనెప్పుడూ అమ్మను వంటింట్లో నవ్వించలేదు.

ఇంకొకటి, తెలియదని చెప్పడం. మనం తెలియదని చెప్పవలసి వస్తే గొంతు తగ్గిస్తాం, నేల చూస్తాం. వదిన మాత్రం ఎవరో అడక్కుండా మిఠాయి పెట్టినట్టు కళ్ళు పెద్దవి చేసి, "తెలీదండీ!" అనేది. ఆ వెంటనే, "చదివి చెప్తాను," అనేది. చదివేది కూడా. అచ్చు కనిపిస్తే ఆగలేని మనిషి. పకోడీల పొట్లం విప్పితే పకోడీలు మాకు, కాగితం ఆమెకు. గూళ్ళలో పరిచిన పాత పేపర్లు మార్చమని అమ్మ పని చెబితే, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆ గూళ్ళ దగ్గరే. పేపరు తలకిందులుగా ఉంటే తనే మెడ వంచి చదివేది. ఏ గూట్లో ఏ వార్త ఉందో ఆమెకు కంఠతా. "కందిపప్పు డబ్బా తీసుకురా అమ్మాయ్," అని అమ్మ అంటే, "తుఫాను హెచ్చరిక మీద ఉన్నదా అండీ, బంగారం ధర మీద ఉన్నదా?" అని అడిగేది.

ఇవన్నీ నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆదివారం.

ఆదివారం భోజనాలయ్యాక నాన్న వీధరుగు మీద పడక్కుర్చీ వేసుకునేవారు. కళ్ళకు శుక్లాలు వచ్చినప్పటి నుంచి ఆయనకు పేపరు సప్లిమెంటులో సైన్సు పేజీ చదివి వినిపించడం నా పని. నేను బీఎస్సీ చదివాను. ఆఖరి ఏడాది సెమినారు చెప్పడానికి లేచి, అందరికీ నమస్కారం అన్నచోటే ఆగిపోయి, కాసేపు నల్లబల్ల వైపు చూసి వెళ్ళి కూర్చున్నాను. అలాంటి దాన్ని నాన్న దగ్గర మాత్రం గంటసేపు తడబడకుండా చదివేదాన్ని. ఈ లోకంలో నా గొంతు పలికే చోటు ఆ అరుగొక్కటే.

వదిన వచ్చిన కొత్తలో ఒక ఆదివారం జన్యువుల గురించి చదువుతున్నాను. నాన్న ఆపి, "అన్ని కణాల్లోనూ ఒకటే డిఎన్ఏ ఉంటే, కన్ను కన్నెలా అయిందమ్మా, కాలేయం కాలేయం ఎలా అయింది?" అని అడిగారు. నాకు జవాబు తెలుసు. ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా తెలుసు. కానీ నేను చదివిన వాక్యమే మళ్ళీ చదివాను.

గుమ్మంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న వదిన, "పుస్తకం ఒకటేనండీ మావయ్యగారూ," అంది. "కన్ను కొన్ని పేజీలు తెరుస్తుంది, కాలేయం ఇంకొన్ని తెరుస్తుంది. వంటల పుస్తకం ఇంటికొకటే ఉన్నా, పెళ్ళికి వండేది వేరు, జ్వరానికి వండేది వేరు కదండీ?"

నాన్న లేచారు. పడక్కుర్చీని రెండు చేతులతో ఎత్తి, గుమ్మం వైపు తిప్పి, మళ్ళీ కూర్చున్నారు. అప్పటిదాకా అది నా వైపు ఉండేది. కూర్చుని ఆప్యాయంగానే నాతో అన్నారు: "నువ్వు చదువుతావమ్మా. ఆ అమ్మాయి చెబుతుంది."

ఆ రోజు డైరీలో ఈ రెండు వాక్యాలే రాసుకున్నాను.

వదిన వచ్చాక మొదటి శ్రావణమాసంలో కొబ్బరికాయల సంగతి జరిగింది. మా తోటలో కాయ ఒలవడానికి సత్యం అనే ఆయన వస్తాడు. ఇనప మొన మీద కాయను పొడిచి నాలుగు తిప్పుల్లో పై పీచు డొక్క ఊడదీస్తాడు. మూడు కళ్ళున్న చోట మాత్రం గుప్పెడు పీచు వదిలేస్తాడు. అదే పిలక. పూజలకని నలభై కాయలు ఒలిపించి వంటింటి మూల పెట్టించింది అమ్మ. మర్నాడు నేను వెళ్ళేసరికి వదిన ముక్కాలిపీట మీద కూర్చుని ఆ కాయల పిలకలన్నీ పీకేస్తోంది. శుభ్రంగా, నున్నగా, బంతుల్లా చేసి వరస పేరుస్తోంది. తల ఎత్తి నవ్వి, "ఎలా ఉన్నాయండీ ఆడపడుచుగారూ? గుండు కొట్టించేను," అంది.

పిలక తీస్తే కాయ నిలవ ఉండదని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కళ్ళు మెత్తగా ఉంటాయి. పిలకే వాటికి కాపు. పూజ రోజు కొట్టే ముందే తీస్తారు. నేను ఒక్క మాట అంటే అక్కడితో ఆగేది. ఇంకా సగం కాయలు మిగిలే ఉన్నాయి. నేను మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

మూడో శుక్రవారం నాటికి వాన ముసురు పట్టి ఉంది. పూజలో అమ్మ కొట్టిన మొదటి కాయ లోపల నల్లబడి ఉంది. రెండోదీ అంతే. మూడోది కొట్టకముందే వాసన వేసింది. వచ్చిన ముత్తయిదువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ పళ్ళెం పక్కన పెట్టి, "పిలకలెవరు పీకేరు?" అంది.

"నేనేనండీ. అది చెత్తనుకున్నానండీ."

అమ్మ వారం రోజులు వదినతో మాట్లాడలేదు. సత్యం వచ్చి కాయలు చూసి బుగ్గలు నొక్కుకున్నాడు. "ఆయ్, బొడ్డు కోసేసినట్టు కోసేసేరేటండీ అమ్మగారూ! పిలక్కి ఏ పనీ లేదనుకున్నారేటి?" వదిన ముక్కు ఎర్రబడింది. ఆ వారం మా ఇంట్లో నా అంత ప్రశాంతంగా ఉన్న మనిషి లేదు. నేనేం చేశానని? ఏమీ చేయలేదు. ఏమీ చేయని వాళ్ళను ఎవరూ వేలెత్తి చూపరు. ఈ సదుపాయం సిగ్గరులకు మాత్రమే తెలుసు.

మరుసటి ఏడు అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పడానికి మనిషి కావాలన్నారు. వదిన ఎమ్మెస్సీ. చదువు ఆపి ఏళ్ళైంది. డెమో క్లాసుకు డిఎన్ఏ పాఠం ఇచ్చారు. పాత నోట్సు ముందేసుకుని అరుగు మీద సాధన చేసేది. వినేవాళ్ళం నాన్న, నేను, మధ్యలో కాయ ఒలవడం ఆపి కూర్చున్న సత్యం.

"డిఎన్ఏలో ప్రోటీను తయారీకి పనికొచ్చే రాత నూటికి రెండు పాళ్ళేనండి," అంది వదిన.

"మిగతా తొంబై ఎనిమిదీ ఏటండీ?" అన్నాడు సత్యం.

వదిన నోట్సు చూసింది. "చెత్త అని ఉందండి."

"అంత చెత్త ఎవరు మోస్తారండీ బాబూ!"

నాన్న నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ పొద్దునే వచ్చిన సప్లిమెంటులో అదే సంగతి ఉంది. నేను పేపరు అందరికంటే ముందు చదువుతాను. ఒకప్పుడు శాస్త్రవేత్తలు చెత్త అని తీసేసిన ఆ భాగంలో జన్యువులను వేసే, ఆర్పే స్విచ్చులు ఉన్నాయని తేలిందట. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత అన్నది అవే నడిపిస్తాయట. కొన్ని చోట్ల ప్రోటీను తయారు కాకపోయినా ఆర్ఎన్ఏ తయారై వేరే పనులు చేస్తుందట. చివర్లో, డిఎన్ఏలో చెత్త అనేదే లేదని గట్టిగా రాశారు. వదినకు కావలసింది సరిగ్గా అదే. నేను కత్తెర తెచ్చి ఆ ముక్క కోసి డైరీలో పెట్టుకున్నాను. మిగిలిన పేపరును పాత పేపర్ల కట్ట మధ్యలో దూర్చేశాను. భోజనాలయ్యాక నాన్న అడిగితే, "ఈ వారం సప్లిమెంటు రాలేదు నాన్నా," అన్నాను. నా జీవితంలో గొంతు వణకకుండా చెప్పిన అబద్ధం అదొక్కటే.

డెమో రోజున వదిన గాజుల చప్పుడు వీధి మలుపు నుంచే వినిపించింది. చెప్పులు విప్పకుండానే అరుగెక్కేసింది. "మావయ్యగారూ, అడిగేరండీ! సత్యం అడిగిందే అడిగేరండీ! ఒక పెద్దాయన, 'మిగతాదంతా చెత్తేనా అమ్మా, ఆ మాట ఎవరైనా ఇంకా అంటున్నారా?' అన్నారు."

"నువ్వేవన్నావు?"

"తెలీదండీ అన్నాను. మా పుస్తకంలో చెత్తనే ఉంది గానీ, మా ఇంట్లో నలభై కాయలకి పిలకలు చెత్తనుకుని పీకేసేనండీ, అన్నీ కుళ్ళిపోయేయి, అప్పట్నించీ ఏదీ చెత్తనడానికి భయమేస్తోందండీ, చదివి చెప్తాను అన్నాను. అందరూ ఒకటే నవ్వండీ! ఆ పెద్దాయన అడిగేరు, 'పిలక ఏం చేస్తుంది?' అని. ఎవరూ తినరండీ దాన్ని, కాయ కళ్ళు కాస్తుంది అన్నాను. సోమవారం నించి రమ్మన్నారు."

నాన్న ఆ కథను ఊరంతా చెప్పారు. పాలకేంద్రం దగ్గర చెప్పారు, కొబ్బరి కొనడానికి వచ్చిన వ్యాపారికి చెప్పారు. నేను నోరు మూసుకుని కుళ్ళబెట్టిన నలభై కాయలే ఆమెకు ఉద్యోగం ఇప్పించాయి. నేను దాచిన కాగితం ఆమెకు అక్కరే లేకపోయింది. ఆమె మీద నేను చేసిందల్లా ఆమెకే కలిసొస్తుంటే ఇక అసూయను ఎక్కడ పెట్టుకోను?

నాలుగేళ్ళు చెప్పింది. మొదటి నెలలోనే లైబ్రరీలో కూర్చుని కొత్త పుస్తకాలు చదివేసింది. ఒక ఆదివారం నాన్నతో, "చెత్త అన్నదీ తొందరపాటేనండి. ఇప్పుడు కొంతమంది అంతా పనికొచ్చేదే అంటున్నారు, అదీ తొందరపాటేనేమో. అందులో స్విచ్చులున్న మాట నిజవే. పాత వైరస్‌లు వదిలేసిపోయిన తునకలూ ఉన్నాయి, ఒకటే రాత వేలసార్లు అచ్చైన ముక్కలూ ఉన్నాయి. వాటిల్లో ఎన్నింటికి పనుందో ఇంకా దెబ్బలాడుకుంటున్నారు. ఏది పిలకో, ఏది ఉత్త డొక్కో తేలలేదండి, ఇప్పటికి," అంది.

నా డైరీలో ఉన్న ముక్క ఆ పూటతో పాతబడిపోయింది. నేను అన్నాళ్ళూ గుప్పిట్లో దాచుకున్నది కూడా పూర్తి నిజం కాదు.

అదే రోజు చిక్కుడుకాయల గిన్నె నా ముందు పెడుతూ, "మాట్లాడనిదానికి పని లేదనుకోకూడదండీ ఆడపడుచుగారూ," అంది. పాఠం గురించే అన్నదనుకున్నాను. అయినా రెండు రోజులు ఆమె మొహం చూడలేదు.

ఆమె క్లాసులో ప్రతి పిల్లా పాఠ్యపుస్తకంలో వాక్యం పక్కన పెన్సిలుతో 'ఇప్పటికి' అని రాసుకోవాలట. పెన్నుతో రాస్తే ఒప్పుకునేది కాదట. ఈ సంగతి నాకు ఆమె పోయిన రోజున తెలిసింది. కార్తీకంలో జ్వరం వచ్చింది. మూడో రోజున కాకినాడ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆరో రోజున తీసుకొచ్చారు. అన్నయ్య మస్కట్ నుంచి వచ్చేదాకా ఉంచారు. ఆటోల్లో పిల్లలు వచ్చారు. అరుగు చాలలేదు, వీధిలో నిలబడ్డారు. నాన్న పడక్కుర్చీ ఆమె పడుకున్న వైపు తిప్పి ఉంది. ఎవరు తిప్పారో తెలియదు.

ఒకమ్మాయి వెక్కుతూ నా దగ్గరకొచ్చి, "మీరేనాండీ మేడంగారి ఆడపడుచుగారు? మీ గురించి రోజూ చెప్పేవారండీ. మా ఇంట్లో నాకన్నా ఎక్కువ చదివినావిడ ఉంది, నోరు విప్పితే మీకు నేను అక్కర్లేదు అనేవారండీ," అంది.

నేను తల ఊపాను. అంత మంది ముందు, ఆ నేల మీద ఆమె అలా ఉండగా, నాకు కలిగిన మొదటి ఆలోచన ఇది: మంచితనంలో కూడా నాకు చోటు ఉంచలేదు.

ఆ రాత్రి డైరీలో రాసిన ఆ వాక్యాన్ని ఇవాళ మళ్ళీ చదువుకున్నాను. పెన్నుతో రాశాను. పెన్సిలుతో రాయవలసింది.

కాకినాడ వెళ్ళిన పొద్దున అమ్మ కారులో ఆమె పక్కన కూర్చుంది, నాన్న ముందు కూర్చున్నారు. ఇంటికి కాపలా నేను. వదినకు ఒళ్ళు కాలిపోతోంది, ముడి ఊడిపోయింది, పెన్సిలు మాత్రం వేలాడుతూ ఉంది. వేలితో నన్ను దగ్గరకు పిలిచింది. నేను కిటికీ దగ్గర వంగాను. ఎలా ఉందని అడుగుదామనుకునేలోపే ఆమే అంది:

"చింతపండు గూట్లో పేపరుకి కత్తెరతో కోసిన కిటికీ ఉంది చూడండీ ఆడపడుచుగారూ, నాలుగేళ్ళ కిందట నేనే పరిచేను. మార్చనివ్వలేదు అత్తయ్యగార్ని. అందులో ఏముందో అప్పుడే లైబ్రరీ పేపర్లో చదివేను, ఆ కిటికీ ముక్క మీ డైరీలో ఉండే ఉంటుంది. సోమవారం క్లాసుకి కావాలి, తీసి ఉంచండి. అదీ తప్పేనని పిల్లలకి చూపించాలి. నేను రాలేకపోతే మీరే వెళ్ళి చెప్పండి."